మధుమేహము గలవారు – వ్యాయామము, ఆటలు

మధుమేహమును గూర్చి జనసామాన్యములో రెండు అభిప్రాయములు వ్యాపించియున్నవి. ఈ వ్యాధి కలిగినవాడు బలహీనుడు గనుక శరీరమునకు శ్రమ కలిగింపరాదనియు, పరుగు, ఆట, ఈత మొదలగువానిని మానుకొని నెమ్మదిగా కాలము గడుపవలెననియు కొందరు తలంతురు. శ్రమ యెంత ఎక్కువైన అంత మేలనియు, నడక చాలించిన రోజుననే రోగము హెచ్చుననియు మరికొందరు తలంతురు. మొదటివారి మాట విని పిల్లలను ఆటస్థలమునకు పంపని తల్లిదండ్రులు కలరు. రెండవవారి మాట విని పరగడుపున ఇన్సులిన్ తీసికొని, ఏమియు తినక, క్రోసుల దూరము నడచి త్రోవలో స్పృహ తప్పి పడిపోవువారును కలరు. ఈ రెండు అభిప్రాయములును సరియైనవి కావు.

వ్యాయామము మధుమేహమునకు ఒక ఔషధము. ఔషధమునకు మోతాదు, వేళ, పథ్యము, జాగ్రత్తలు ఉండునట్లే దీనికిని ఉండును. ఈ సంగతి గ్రహించినవాడు నిర్భయముగా ఆడవచ్చును, పరుగెత్తవచ్చును, కొండలెక్కవచ్చును. భారత వైద్య పరిశోధనా మండలి సహాయముతో దేశమంతట జరిగిన పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహముతో జీవించుచున్నారు. కనుక ఈ విషయము ఏ కొద్దిమందికో సంబంధించినది కాదు. ప్రతి వీధిలోను, ప్రతి పాఠశాలలోను, ప్రతి కార్యాలయములోను తెలిసియుండవలసినది.

పూర్వులు ఎరిగిన సత్యము

శ్రమకును ఈ వ్యాధికిని గల సంబంధమును మన పూర్వులు ఎరుగుదురు. ప్రమేహ రోగులకు వ్యాయామము, మల్లయుద్ధము, గుఱ్ఱములపైనను ఏనుగులపైనను స్వారి మొదలగువానిని సుశ్రుతసంహిత విధించినది. ధనహీనుడైన రోగి పాదరక్షలు, గొడుగు లేక, ఒక ఊర ఒక రాత్రికి మించి నిలువక, నూరు యోజనములు నడువవలెనని చెప్పినది. నడువవలెనను మాట నేటికిని సత్యమే. పాదరక్షలు లేకుండ నడువవలెనను మాట మాత్రము నేటి వైద్యశాస్త్రమునకు సమ్మతము కాదు. అందలి కారణము ముందు తెలియగలదు.

1921లో కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను కనుగొనిరి. 1922 జనవరిలో 14 ఏండ్ల బాలునికి దానిని మొదటిసారి ఇచ్చిరి. అంతకు పూర్వము తీవ్రమైన మధుమేహము గల పిల్లలు బ్రదుకుటయే అరుదు. వారు ఆడుట గూర్చి ఆలోచించువారే లేకుండిరి. ఇన్సులిన్ రాకతో వారు లేచి తిరుగనారంభించిరి. అప్పుడొక క్రొత్త సంగతి బయటపడినది. ఇన్సులిన్ తీసికొనిన పిదప శరీరశ్రమ చేసినచో, ఆ మందు మామూలుకన్న ఎక్కువగా పని చేయుచుండెను. లండన్ నగరమున డాక్టర్ ఆర్. డి. లారెన్స్ దీనిని పరిశీలించి 1926లో ప్రకటించెను. ఆయన స్వయముగా మధుమేహము కలవాడు. ఇన్సులిన్ వలననే ప్రాణము నిలుపుకొనినవాడు.

అమెరికా దేశపు బోస్టన్ నగరమున ప్రసిద్ధుడైన మధుమేహ వైద్యుడు ఎలియట్ జోస్లిన్ ఈ చికిత్సను మూడు గుఱ్ఱములు పూన్చిన రథముతో పోల్చెను. ఆహారము ఒక గుఱ్ఱము, ఇన్సులిన్ రెండవది, వ్యాయామము మూడవది. మూడింటిలో ఏ యొక్కటి తక్కినవానిని మించి పరుగెత్తినను రథము త్రోవ తప్పును. ఆట విషయమున కలుగు ప్రమాదములలో అధికభాగము ఇట్టివే.

కండరము చేయు పని

మనము తినిన ఆహారములోని పిండిపదార్థము చక్కెరగా మారి రక్తములో చేరును. కండరములు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ చక్కెరను లోనికి తీసికొనుటకు వానికి ఇన్సులిన్ తోడ్పాటు కావలెను. కండరములు పని చేయునప్పుడు సంగతి వేరు. కండరకణములలో చక్కెరను మోసికొనిపోవు వాహకములు కలవు. కండరము ముడుచుకొని సాగుచుండగా ఆ వాహకములు కణపు ఉపరితలమునకు చేరి, ఇన్సులిన్ తోడ్పాటు లేకయే చక్కెరను లోనికి చేర్చును. నడక వలన రక్తములోని చక్కెర తగ్గుటకు ముఖ్యకారణము ఇదియే.

ఆరోగ్యవంతుడు పరుగెత్తునప్పుడు అతని క్లోమగ్రంథి ఇన్సులిన్ స్రావమును తనంతట తానే తగ్గించుకొనును. కాలేయము తాను నిలువచేసిన చక్కెరను రక్తములోనికి విడుచును. అందుచేత చక్కెర మట్టము చెదరదు. ఇన్సులిన్ సూదిమందుగా తీసికొనినవాని శరీరములో ఇట్టి సర్దుబాటు జరుగదు. చర్మము క్రింద చేరిన మందును వెనుకకు తీయు ఉపాయము శరీరమునకు లేదు. ఒకవంక మందు చక్కెరను తగ్గించుచుండును, మరొకవంక కండరములు దానిని తినివేయుచుండును, కాలేయము చక్కెరను విడువకుండ ఆ మందే అడ్డగించును. ఈ మూడును ఒక్కసారి సంభవించినప్పుడే ఆటస్థలమున మనుష్యుడు కూలబడును.

దీనికి విరుద్ధమైన స్థితియు కలదు. శరీరములో ఇన్సులిన్ బొత్తిగా కొరవడియున్నప్పుడు శ్రమ చేసినచో కాలేయము విడిచిన చక్కెర వినియోగము కాక రక్తములో పేరుకొనును. క్రొవ్వు కరగి కీటోనులను ఆమ్లములు పుట్టును. అట్టివానికి వ్యాయామము వలన చక్కెర తగ్గుటకు మారుగా పెరుగును. కనుక చక్కెర అధికముగా ఉన్నది గదాయని పరుగెత్తి దించుకొనజూచుట అన్ని వేళల యుక్తము కాదు.

క్షణకాలము మిక్కిలి తీవ్రముగా సాగు ఆటలలో, అనగా వంద మీటర్ల పరుగు, చెడుగుడు, బరువులెత్తుట వంటివానిలో, శరీరమున ఉద్రేకమును కలిగించు స్రావములు వెలువడి చక్కెర కొంతసేపు పెరుగవచ్చును. దానిని చూచి కంగారుపడి వెంటనే అదనముగా ఇన్సులిన్ తీసికొనినచో, కొన్ని గంటల పిదప అది ప్రమాదకరముగా పడిపోవును.

ఎవరికి ఎంత జాగ్రత్త

మధుమేహము గల వారందరికిని ఈ అపాయము సమానము కాదు. ఆహారనియమముతోనే వ్యాధిని అదుపులో ఉంచుకొనువారికిని, మెట్‌ఫార్మిన్ అను మాత్రను మాత్రమే వాడువారికిని వ్యాయామము వలన చక్కెర ప్రమాదస్థాయికి తగ్గుట అరుదు. వారు నడకకు ముందు భయపడి ఫలహారము చేయనక్కరలేదు. అట్లు చేసినచో నడచిన ఫలము కొంత వ్యర్థమగును.

ఇన్సులిన్ తీసికొనువారును, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ జాతికి చెందిన మాత్రలు వాడువారును మాత్రము మెలకువతో ఉండవలెను. ఈ మాత్రలు క్లోమగ్రంథిని ప్రేరేపించి ఇన్సులిన్‌ను వెలువరింపజేయును. తాము వాడు మాత్ర ఏ జాతిదో తెలియనివారు చీటీని వైద్యునికి చూపి అడిగి తెలిసికొనుట మంచిది. రక్తపుపోటుకు గాని, గుండెజబ్బుకు గాని అటినొలాల్, ప్రొప్రనొలాల్ వంటి మందులు వాడువారికి చక్కెర తగ్గినప్పుడు గుండెదడ, వణకు స్పష్టముగా కనబడకపోవచ్చును. చెమట పట్టుట మాత్రము కనబడును. వారు ఆ గుర్తును ఉపేక్షింపరాదు.

ఆరంభించుటకు ముందు

ఇన్నాళ్ళు కదలక కూర్చుండి, ఒక్కనాడు మైదానమున దిగి పరుగెత్తుట ఎవరికిని తగదు. మామూలు నడకను క్రమముగా హెచ్చించుకొనుటకు పెద్ద పరీక్షలు అవసరము లేదు. తీవ్రమైన ఆటలలో పాల్గొనదలచిన నడివయస్కులును, చిరకాలముగా వ్యాధి గలవారును వైద్యునిచే గుండెను, రక్తపుపోటును, కన్నులను, పాదములను పరీక్షింపజేసికొనవలెను. మధుమేహము నరములను దెబ్బతీసినప్పుడు గుండెనొప్పి నొప్పిగా తెలియకపోవచ్చును. కొంచెము శ్రమకే విపరీతమైన ఆయాసము, అకారణమైన నిస్త్రాణ, దవడలో గాని ఎడమచేతిలో గాని బరువు తోచినచో ఆట నిలిపి వైద్యుని కలిసికొనవలెను.

కంటి వెనుక పొరలో క్రొత్త రక్తనాళములు పుట్టి రక్తస్రావమునకు సిద్ధముగా ఉన్నవారు బరువులెత్తుట, ఊపిరి బిగబట్టి చేయు కసరత్తులు, తల క్రిందులుగా నిలుచు శీర్షాసనము వంటివి మానవలెను. అట్టివి కంటిలో రక్తస్రావమును కలిగింపగలవు. ఆసనములన్నియు అపాయరహితములని తలచువారు పలువురు కలరు గనుక ఈ సంగతి ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. కంటివైద్యుడు చికిత్స ముగించి అనుమతించిన పిదప తిరిగి ఆరంభింపవచ్చును.

ఆటకు ముందు చక్కెర ఎంత ఉండవలెను

ఇన్సులిన్ తీసికొనువారు ఆటకు ముందు వ్రేలి రక్తమును చిన్న యంత్రముపై పరీక్షించుకొనవలెను. పరీక్షకు ముందు చేతులు కడుగుకొనుట ముఖ్యము. పండు గాని బెల్లము గాని ముట్టిన వ్రేలినుండి తీసిన రక్తము లేని చక్కెరను ఉన్నట్లు చూపును. ఫలితమును ఈ విధముగా గ్రహింపవలెను.

డెసిలీటరు రక్తమునకు 90 మిల్లీగ్రాములకన్న తక్కువగా ఉన్నచో ముందు 15 గ్రాముల పిండిపదార్థము తిని, చక్కెర పెరిగిన పిదప ఆడవలెను. ఒక చిన్న అరటిపండు సుమారుగా అంతకు సరిపోవును. 70కి తక్కువైనచో అది ఆటకు వేళ కాదు. ముందు చికిత్స చేసికొనవలెను.

100 మొదలు 250 వరకు ఉన్నచో సామాన్యముగా ఆట ఆరంభింపవచ్చును. ఆట చాలసేపు సాగునదైనచో నడుమ తినుటకు ఏదైన వెంట ఉండవలెను. 90కిని 100కిని నడుమ ఉన్నవారు కొంచెము తిని ఆరంభించుట క్షేమము.

250కి మించి ఉన్నచో, ముఖ్యముగా ఒకటవ రకము మధుమేహము గలవారు, మూత్రమునందు గాని రక్తమునందు గాని కీటోనులు కలవేమో చూడవలెను. కీటోనులు ఉన్నను, వాంతి, కడుపునొప్పి, జ్వరము వంటివి ఉన్నను ఆ రోజు ఆట మాని వైద్యసహాయము పొందవలెను.

క్రిందటి 24 గంటలలో చక్కెర మిక్కిలి తగ్గి ఇతరుల సహాయము అవసరమైనవారు ఆ దినమున కూడ కఠినశ్రమ చేయరాదు. ఒకసారి చక్కెర పడిపోయిన శరీరము రెండవసారి పడునప్పుడు హెచ్చరిక గుర్తులను సరిగా ఇయ్యదు.

భోజనము చేసి ఇన్సులిన్ తీసికొనిన రెండు మూడు గంటలలో ఆడదలచినచో, ఆ పూట ఇన్సులిన్ మోతాదును తగ్గించుట మంచిది. ఎంత తగ్గింపవలెనన్నది ఆట తీవ్రతను, కాలమును బట్టి పావు వంతు మొదలు ముప్పాతిక వంతు వరకు మారుచుండును. దీనిని వైద్యునితో కలిసి నిర్ణయించుకొనవలెనే గాని ఊహించి చేయరాదు. ఏ అవయవముతో ఎక్కువ పని చేయుదురో ఆ అవయవమున సూది వేసికొనరాదు. పరుగెత్తబోవువాడు తొడలో సూది వేసికొనినచో, అచ్చట రక్తప్రవాహము హెచ్చి మందు త్వరగా శరీరమున వ్యాపించును. కడుపుపై చర్మము అందుకు తగిన చోటు.

ఆట నడుమ

చక్కెర తగ్గుట కొన్ని గుర్తులతో బయటపడును. హఠాత్తుగా ఆకలి, చల్లని చెమట, వణకు, గుండెదడ, కన్నులు మసకబారుట, చిరాకు, మాట తడబడుట, తెలివి మందగించుట ఇందు ముఖ్యములు. ఆటలో ఎట్లును చెమట పట్టును, గుండె వేగముగా కొట్టుకొనును. కనుకనే ఆటగాడు ఈ గుర్తులను అలసట అని పొరబడుట సహజము. బాగుగా ఆడువాడు అకారణముగా బంతిని జారవిడుచుట, చెప్పిన మాట తెలియకుండుట, ఊరక కోపించుట చూచినచో తోటివారు అనుమానింపవలెను. సందేహము కలిగినప్పుడు చక్కెర తగ్గినదనియే భావించి నడచుకొనవలెను. పరీక్షకు యంత్రము దగ్గర లేకున్నను జాగు చేయరాదు.

వెంటనే ఆట నిలిపి 15 గ్రాముల గ్లూకోజు గాని పంచదార గాని, అనగా సుమారు మూడు నాలుగు టీచెంచాలు, నీటిలో కలిపి త్రాగవలెను. 15 నిమిషముల పిదప మరల పరీక్షింపవలెను. ఇంకను 70కి తక్కువగా ఉన్నచో మరల అంతే తీసికొనవలెను. బాగుపడిన పిదప ఇడ్లీయో, రొట్టెయో, అటుకులో కొంచెము తినవలెను. మిఠాయిలు, చాక్‌లెట్లు ఇందుకు తగవు. వానిలోని క్రొవ్వు చక్కెరను రక్తమున త్వరగా చేరనీయదు. అకార్బోస్, వోగ్లిబోస్ అను మాత్రలు వాడువారికి పంచదార ఆలస్యముగా పని చేయును గనుక వారు గ్లూకోజు పొడినే వెంట ఉంచుకొనవలెను.

స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలిగించును. అతనిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, 108కి గాని 112కి గాని ఫోను చేసి వైద్యసహాయము రప్పింపవలెను. గ్లూకగాన్ అను మందు అందుబాటున ఉండి, దానిని వాడు విధము తెలిసినవారున్నచో వెంటనే ఇయ్యవచ్చును.

గంటకు మించి సాగు పరుగు, సైకిలు ప్రయాణము, ఫుట్‌బాల్ వంటివానిలో ఇన్సులిన్ తీసికొనువారికి గంటకు 30 మొదలు 60 గ్రాముల వరకు పిండిపదార్థము అవసరము కావచ్చును. చర్మమునకు అంటించుకొను చక్కెర యంత్రములు ఇప్పుడు వాడుకలో ఉన్నవి. ఇవి ఎంతయో ఉపకరించును గాని, పరుగులో చక్కెర వేగముగా మారునప్పుడు ఇవి చూపు అంకె రక్తములోని స్థితికి కొంత వెనుకబడి ఉండును. ఒంటి గుర్తు ఒకటి చెప్పి యంత్రము వేరొకటి చెప్పినచో వ్రేలి రక్తమును పరీక్షించుట మేలు.

ఆట ముగిసిన పిదప

పెక్కుమంది ఎరుగని ప్రమాదము ఇచ్చటనే కలదు. ఆట ముగిసినంతమాత్రమున దాని ఫలము ముగియదు. కండరములు తాము వ్యయపరచిన నిలువను తిరిగి నింపుకొనుటకై చాలసేపు చక్కెరను తీసికొనుచునే యుండును. ఇన్సులిన్ పనితనము 24 గంటలు, ఒక్కొక్కప్పుడు 48 గంటలవరకు హెచ్చుగా ఉండును. సాయంకాలము రెండు గంటలు వాలీబాల్ ఆడి, బాగుగా ఉన్నానని పరుండినవానికి అర్ధరాత్రి దాటిన పిదప నిద్రలోనే చక్కెర పడిపోవచ్చును. చెమటతో ప్రక్క తడియుట, పీడకలలు, తెల్లవారి తలనొప్పి దీని గుర్తులు.

కనుక సాయంకాలపు ఆట కఠినమైనచో రాత్రి భోజనము తగ్గింపరాదు. పరుండబోవు ముందు చక్కెరను పరీక్షింపవలెను. అవసరమైనచో కొంచెము పాలు, రొట్టె వంటివి తీసికొనవలెను. అట్టి దినములు తరచైనచో రాత్రి ఇన్సులిన్ మోతాదును గూర్చి వైద్యుని అడుగవలెను. ఆట గెలిచిన సంతోషమున మద్యము సేవించుట మిక్కిలి అపాయకరము. మద్యము కాలేయము చక్కెరను విడువకుండ అడ్డగించును. ఆ స్థితిలో పడిపోయినవానిని చూచినవారు త్రాగి పడినాడనుకొని విడిచిపోవుదురు.

పాదములు

మధుమేహము పాదముల నరములను మొద్దుబార్చును. అట్టి పాదమున ముల్లు విరిగినను, చెప్పు కరచినను తెలియదు. చిన్న బొబ్బ పుండుగా మారి, చీము పట్టి, కడకు వ్రేలినో కాలినో తీసివేయవలసిన స్థితికి తెచ్చును. ప్రాచీనులు విధించిన పాదరక్షలు లేని నడక నేడు తగదనుటకు కారణము ఇదియే. చెడుగుడు, కోకో వంటి ఆటలు మన దేశమున వట్టికాళ్ళతో ఆడుట వాడుక. పాదములలో స్పర్శ తగ్గినవారు వానికి మారుగా బూట్లు ధరించి ఆడదగిన ఆటలను గాని, ఈత, సైకిలు వంటివానిని గాని ఎన్నుకొనుట క్షేమము. పుండు ఉన్నచో మానువరకు నడక, పరుగు, ఈత మూడును ఆపి, కూర్చుండి చేతులతో చేయు కసరత్తులు చేయవచ్చును.

బూట్లు బిగుతుగా గాని వదులుగా గాని ఉండరాదు. సాయంకాలము పాదములు కొంచెము ఉబ్బియుండును గనుక ఆ వేళనే కొలత చూచి కొనుట మంచిది. ధరించుటకు ముందు లోపల చేయి పెట్టి, రాయి గాని, మేకు మొన గాని కలదేమో చూడవలెను. నూలు మేజోళ్ళు ప్రతిదినము మార్చవలెను. ఆట ముగిసిన వెంటనే పాదములు కడిగి, వ్రేళ్ళ సందులు పొడిగా తుడిచి, అరికాళ్ళను అద్దములో గాని ఇంటివారిచేత గాని పరీక్షింపవలెను.

ఎండయు నీరును

మన దేశపు వేసవిలో ఎండయే ఒక శత్రువు. చక్కెర అధికముగా ఉన్నప్పుడు మూత్రము హెచ్చి శరీరము నీటిని కోల్పోవును. చెమట దానికి తోడగును. కనుక వేసవిలో సూర్యోదయ సమయమునగాని, ఎండ తగ్గిన పిదపగాని ఆడుట, దాహము వేయువరకు ఆగక నీరు త్రాగుట అవసరము. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ చాలమందికి మంచి పానీయము. రక్తపుపోటు గలవారు ఉప్పును తగ్గింపవలెను. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రము ద్వారా బయటకు పంపును. ఇవి వాడువారు నీరు త్రాగక, తిండి మాని, దీర్ఘశ్రమ చేసినచో ఆమ్లములు పెరుగు అపాయము కలదు. ఇన్సులిన్ సీసాను ఎండలో ఉంచిన సంచిలోను, మోటారుకారులోను విడువరాదు. వేడికి దాని శక్తి నశించును.

కొండ నడక: ఒక ఉదాహరణ

అలిపిరినుండి తిరుమలకు 3,500కు పైగా మెట్లు కలవు. ఏటేటా లక్షలకొలది భక్తులు ఈ త్రోవన నడచుదురు. వారిలో మధుమేహము గలవారును ఎందరో ఉందురు. ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలన్నియు ఈ ఒక్క ప్రయాణములో అవసరమగును. చాలమంది ఉపవాసముతో, వట్టికాళ్ళతో, మామూలు మోతాదు మందు వేసికొని, అలవాటు లేని శ్రమను గంటలకొలది చేయుదురు.

ఇట్టి ప్రయాణమునకు కొన్ని వారముల ముందునుండియే మెట్లు ఎక్కుట అలవాటు చేసికొనవలెను. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించు మాత్రలు గాని వాడువారు ఆనాటి మోతాదును గూర్చి ముందుగా వైద్యుని అడుగవలెను. వారికి ఉపవాసము తగదు. గ్లూకోజు పొడి, అరటిపండ్లు, నీరు, పరీక్షాయంత్రము తమ చేతిసంచిలోనే ఉండవలెను గాని ముందుగా పంపివేసిన సామానులో ఉండరాదు. వట్టికాళ్ళతో నడువవలెనను నియమము గలవారు, పాదములలో స్పర్శ ఉన్నదని వైద్యుడు చెప్పినప్పుడే, దళసరి నూలు మేజోళ్ళతో, రాళ్ళు కాలని వేళ నడువవచ్చును. స్పర్శ లేనివారు ఆ నియమమును విడుచుటయే మేలు. తోడు లేక నడువరాదు. ఆ రాత్రి పరుండు ముందు చక్కెరను చూచుకొనుట మరువరాదు.

పిల్లలు, ఉపాధ్యాయులు

ఒకటవ రకము మధుమేహము గల బిడ్డను ఆటల గంటలో గోడప్రక్కన కూర్చుండబెట్టుట దయ కాదు. తోటివారితో ఆడని బిడ్డ శరీరమునను మనస్సునను క్రుంగును. తల్లిదండ్రులు పాఠశాలవారికి వ్యాధి సంగతి దాచక తెలుపవలెను. వ్యాయామోపాధ్యాయుడు మూడు సంగతులు ఎరిగియున్న చాలును: చక్కెర తగ్గిన గుర్తులు, గ్లూకోజు ఉంచిన చోటు, ఎవరికి ఫోను చేయవలెనన్నది. ఆటనడుమ తినుటకు గాని, పరీక్షించుకొనుటకు గాని బిడ్డ అనుమతి అడిగి నిలుచుండవలసిన పని ఉండరాదు. నీరసించిన బిడ్డను ఒంటరిగా ఇంటికి పంపరాదు. పేరు, వ్యాధి, వాడు మందు, ఫోను సంఖ్య వ్రాసిన చీటి జేబులో ఉండుట పెద్దలకును పిల్లలకును అవసరము.

ఈ వ్యాధి గలవాడు ఎంతవరకు పోగలడని సందేహించువారికి క్రీడాచరిత్రయే సమాధానము చెప్పుచున్నది. పాకిస్తాన్ క్రికెట్ ఆటగాడు వసీం అక్రమ్‌కు 1997లో మధుమేహము బయటపడినది. ఆయన ఇన్సులిన్‌తోనే వేగముగా బంతులు వేయుచు, 2003 ప్రపంచ కప్పు పోటీలలో ఒకరోజు ఆటలలో 500 వికెట్లు తీసిన మొదటి ఆటగాడయ్యెను. అమెరికా ఈతగాడు గారీ హాల్‌కు 1999లో ఒకటవ రకము మధుమేహము కలిగినది. ఆయన 2000లో సిడ్నీయందును, 2004లో ఏథెన్సుయందును 50 మీటర్ల ఈత పందెమున ఒలింపిక్ స్వర్ణపతకము పొందెను. బ్రిటిష్ పడవ పందెగాడు స్టీవ్ రెడ్‌గ్రేవ్‌కు 1997లో మధుమేహము ఉన్నట్లు తెలిసినది. 2000లో సిడ్నీలో ఆయన తన అయిదవ స్వర్ణపతకమును గెలుచుకొనెను. వీరి పని విశ్రాంతి కాదు, ఉపేక్షయు కాదు.

ఎంత చేయవలెను

అందరును పతకములకొరకు ఆడనక్కరలేదు. పెద్దవారికి వారమునకు 150 నిమిషముల మోస్తరు శ్రమ, అనగా మాటలాడగలిగి పాట పాడలేనంత వేగముగా నడచుట, చాలును. దానిని కనీసము మూడు దినములకు పంచుకొని, వరుసగా రెండు దినములకు మించి విరామము లేకుండ చూచుకొనవలెను. వారమునకు రెండు మూడు సారులు కండరములకు బలమునిచ్చు కసరత్తులు చేయుట మంచిది. పొలము పని, తోటపని, మెట్లెక్కుట శ్రమలో చేరును. తీరిక లేని గృహిణులును, కార్యాలయములలో కూర్చుండువారును ప్రతి భోజనము పిదప 10, 15 నిమిషములు నడచినను భోజనానంతరము పెరుగు చక్కెర తగ్గును.

చెన్నైలో జరిగి 2006లో ప్రకటింపబడిన పరిశోధనలో 531 మంది పాల్గొనిరి. వీరు మధుమేహమునకు చేరువలో ఉన్నవారు. వారిలో ఆహారనియమమును, నడకను పాటించినవారికి వ్యాధి వచ్చు అవకాశము మూడేండ్లలో సుమారు 28 శాతము తగ్గినది. కనుక ఒకరికి వ్యాధి ఉన్న ఇంట తక్కినవారును కలిసి నడచినచో, రోగికి తోడును, తక్కినవారికి రక్షణయు కలుగును.

ఒకరి కొలత మరొకరికి సరిపడదు. ఒకే ఆట ఒకరి చక్కెరను 30 తగ్గింపగా మరొకరి చక్కెరను 100 తగ్గింపవచ్చును. కనుక ప్రతివారును ఒక చిన్న పుస్తకము ఉంచుకొని, ఆటకు ముందు చక్కెర, తినినది, మందు, ఆడిన సేపు, ఆట పిదప చక్కెర, పరుండునప్పటి చక్కెర వ్రాయవలెను. రెండు మూడు వారములలో తన శరీరపు వరుస తనకే తెలియవచ్చును. ఆ పుస్తకమును చూచినప్పుడు వైద్యుడు కూడ మోతాదును ఊహతో గాక నిదర్శనముతో నిర్ణయింపగలడు.